శ్మశానం చెట్ల విత్తనాలు

మొక్కలకు నీళ్ళు పోస్తూ ఫలేసి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఇంటి వెనక గడ్డి పందిరి కింద, ప్లాస్టిక్ సంచుల్లో ముతోండో అనే నాటు చెట్టు మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. విత్తులు ఎక్కడివో తెలిసింది ఆమెకొక్కదానికే. అది ఊళ్ళో తెలిసిన రోజున తనను మంత్రగత్తె అంటారు. ఆ మాట పడ్డ ఆడదాన్ని ఊరు ఉండనివ్వదు.

ఫలేసి సంతలో మందాసీలు వేయించి అమ్మేది. పిండి కలపడం, నూనెలో వదలడం, చిల్లర చూసుకోవడం, ఇంతే ఆమె బతుకు. తుఫాను వచ్చిన ఏడు ఫలోంబే వైపు కొండ జారి పైగూడెం మొత్తం బురద కింద పడింది. చెల్లెలు మేరియా ఇల్లూ అందులోనే పోయింది. శవం దొరకలేదు. కొండ లోపల ఉండే నపోలో అనే పెద్ద పాము కదిలిందని ముసలివాళ్ళు అన్నారు. ఫలేసి కాదనలేదు. కానీ పాము మేరియా మీద ఎందుకు కదిలిందో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత పచ్చకొండ పార్టీ వచ్చింది. చాలా చిన్న పార్టీ. పెద్ద పార్టీలు ఆడవాళ్ళకు నడుముకు చుట్టుకునే అద్దకం గుడ్డలు, చక్కెర పంచుతుంటే వీళ్ళు అరువు తెచ్చిన వ్యానులో వచ్చి వానల గురించి మాట్లాడారు. భూమి వేడెక్కి వానలు వెర్రెత్తుతున్నాయనీ, చెట్టు లేని కొండ మట్టిని పట్టి ఉంచలేదనీ చెప్పారు. తాము గెలిస్తే కట్టెలతో ఇటుక బట్టీలు కాల్చనివ్వబోమని, బొగ్గు కాల్చేవాళ్ళకే జీతమిచ్చి చెట్లకు కాపలా పెడతామని, కొండమీద నాటు చెట్లు వేస్తామని అన్నారు. మేరియా చావుకు ఒక కారణం ఉందని ఫలేసి వినడం అదే మొదలు. ఆ రోజే పార్టీలో చేరింది.

అభ్యర్థి వైసన్ నాటు విత్తనాలు తెమ్మన్నాడు. కొండంతా వెతికినా ముతోండో చెట్టు కనబడలేదు. మిగిలినవి శ్మశానంలోనే. శవం వెంట తప్ప ఎవరూ అక్కడికి పోరు, ఎండు పుల్ల కూడా తేరు. పళ్ళు రాలే కాలంలో ఊళ్ళో ఒక చావు జరిగింది. అందరూ ఏడుస్తుండగా ఫలేసి నడుము గుడ్డ సర్దుకున్నట్టు వంగి, రాలిన విత్తులు కొంగున ముడేసుకుంది. అవి కొండకే కదా అనుకుంది.

ఆ పొద్దున ఆమె ఇంకా నీళ్ళు పోస్తుండగానే వైసన్ వచ్చి మొక్కలు చూసి మురిసిపోయాడు.

"అక్కా, ఇవాళ సభలో ఇంటికో మొక్క పంచేద్దాం. వాన పడ్డాక గుమ్మం ముందు నాటుకుంటారు."

ఫలేసి చేతిలో చెంబు ఆగిపోయింది. "కొండమీద అన్నావు కదయ్యా?"

"కొండకు ఓట్లున్నాయా అక్కా? ఎన్నిక వచ్చేవారమే. జనం చేతిలో ఏదో ఒకటి పెట్టాలిగా!"

శ్మశానం చెట్టు గుమ్మంలో పెరిగితే ఆ ఇంట్లో చావు ఆగదంటారు. చెప్పేద్దామని నోరు తెరిచింది. వైసన్ అప్పటికే మొక్కలు వ్యానుకెక్కిస్తున్నాడు.

మైదానంలో జనం బాగానే వచ్చారు. ముందు వరసలో ఫలేసి మేనమామ చింతెంగో, శ్మశానంలో గోతులు తవ్వేవాళ్ళ పెద్ద, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయన మొక్కల వైపే చూస్తున్నాడు. ఫలేసి వ్యాను చాటుకు జరిగింది.

బొగ్గు కాల్చే బామూసి లేచాడు. "బొగ్గు మానేస్తే అన్నం దేనిమీద వండాలి బాబూ? నీ ఉపన్యాసం మీదనా?"

జనం ఘొల్లుమన్నారు.

"పొదుపు పొయ్యిలిస్తాం. కాపలా జీతం నీకే ఇస్తాం, అన్నా," అన్నాడు వైసన్.

"గెలిచాక కదా! అందాకా పస్తేనా?"

"అందాక ఇవి తీసుకోండి. ఇంటికో ముతోండో!" వైసన్ ఒక మొక్క ఎత్తి చూపాడు. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ సంబరంగా కూతలు పెట్టారు. పక్కింటి దోరికా అందరికంటే ముందు వచ్చి ఒక మొక్కను పసిబిడ్డలా చంకనెత్తుకుంది.

బామూసి మాత్రం కూర్చోలేదు. "ముతోండోనా? ఈ కొండమీద చివరి ముతోండోని కాల్చింది నేనే. విత్తు ఎక్కడ దొరికింది?"

"మా ఫలేసక్క తెచ్చింది. అక్కా, ఇలా వచ్చి చెప్పు!"

నవ్వులు ఆగిపోయాయి. కొండమీద లేకపోతే ఇంకెక్కడ ఉన్నాయో అందరికీ తెలుసు. దోరికా తన చేతిలోని మొక్కను చూసుకుంది.

ఫలేసి ముందుకొచ్చింది. "దోరికా, అది కింద పెట్టెయ్. ఇంటికి తీసుకెళ్ళకు. శ్మశానంలోవి."

దోరికా చేతిలోంచి సంచి జారి కిందపడి చిరిగింది. "మంత్రగత్తె!" అని ఎవరో అరిచారు. జనం లేచారు. వైసన్ ముఖం పాలిపోయింది.

చింతెంగో కర్ర నేలకేసి కొట్టాడు. "దాన్ని చెప్పనివ్వండి. ఎవరి గుమ్మం కోసం తెచ్చావే?"

"ఎవరి గుమ్మానికీ కాదు మామా. మేరియా కోసం." ఫలేసి కొండ వైపు చెయ్యి చూపింది. "పైగూడెంలో ఎంతమంది ఉన్నారు బురద కింద! ఒక్కరికీ గొయ్యి తవ్వలేదు, పాట పాడలేదు. అది శ్మశానం కాదా? శ్మశానానికి దాని చెట్లే వేద్దామనుకున్నా. అక్కడ పెరిగితే వాటిమీద గొడ్డలి పడదని..."

ఆమె బామూసి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. పైగూడెంలో అతని తల్లి ఉండేది.



"అడక్కుండా ముట్టావు. తప్పుకింద మేక ఇచ్చుకోవాలి," అన్నాడు చింతెంగో. "వాన పడ్డాక పైగూడెంలో మావాళ్ళే గోతులు తవ్వుతారు. పాట కూడా పాడదాం. అక్కడ మాత్రం పార్టీ జెండా కనబడకూడదు."

వైసన్ మెల్లగా అడిగాడు: "మరి మా పార్టీ పేరు, పెద్దాయనా?"

"అక్కడున్నవాళ్ళకి ఓటు లేదు నాయనా."

ఎవరూ నవ్వలేదు. వైసన్ మొక్కలను తిరిగి వ్యానులో పెట్టసాగాడు. బామూసి వచ్చి ఒక చెయ్యి వేశాడు.

వైసన్ ఓడిపోయాడు. ఆ ఊళ్ళో అతనికి పడ్డ ఓట్లు చాలా తక్కువ. దోరికా ఆ తర్వాత ఫలేసి దగ్గర మందాసీ కొనలేదు. బోరింగు దగ్గర ఫలేసి వస్తే కొందరు బిందెలు పక్కకు జరిపేవారు.

మొదటి వాన పడ్డ మర్నాడు గోతులు తవ్వేవాళ్ళు పలుగులతో పైగూడెం ఎక్కారు. బామూసి మొక్కలు మోశాడు. ఫలేసి చెప్పులు విప్పి, మేరియా వంటిల్లు ఉండేదనుకున్న చోట ఆగి, మట్టిలో చేతులు పెట్టింది. అప్పుడు కింద దారిలో ఎవరో వస్తూ కనిపించారు. జెండా లేదు, వ్యానూ లేదు. వైసన్ చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో జారుతూ ఒక్కడే పైకి వస్తున్నాడు.