వెనక వసారాలో చైనా టీ

మా అక్క గర్భసంచి తీసేయకుండా ఆపడానికి నేను ఒక టీ పొట్లాన్ని నమ్ముకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో చెప్పలేను.

అప్పుడు నేను చర్ల దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్సు చెప్పేదాన్ని. నాతో గదిలో ఉండే టీచరుకు ప్రతి నెలా కడుపునొప్పి. ఫోన్లో చూసి ఆ పొట్లం తెప్పించుకుంది. లోపల నల్లబెల్లం లాంటి గడ్డలు, ఎండిన అల్లం ముక్కలు, ముడతలు పడ్డ ఎర్రటి పళ్ళు. ఖర్జూరాలని రాశారు గానీ నోట్లో వేసుకుంటే మన ఎండు రేగుపండే. వాము వాసన వేసే ఏదో చెట్టు వేరు కూడా ఉంది. అన్నీ మరిగే నీళ్ళలో వేసి, రంగు దిగాక తాగాలి. కడుపులో చలి చేరితే ఆ నొప్పి వస్తుందని, వేడి పుట్టిస్తే పోతుందని చైనా ఆడవాళ్ళ నమ్మకమట. మా ఇళ్ళల్లో సరిగ్గా దీనికి ఎదురు. నొప్పి అనగానే వేడి చేసిందంటారు, మజ్జిగ పోస్తారు, సబ్జా గింజలు నానబెడతారు. ఎవరి మాట నిజమో సైన్సు చెప్పే నాకే తెలియదు. నా నొప్పిరోజున ఒక గ్లాసు తాగితే మాత్రం హాయిగా అనిపించింది.

అక్కను తల్లాడ దగ్గరి ఊళ్ళో ఇచ్చారు. మిర్చి, పత్తి పండించే ఇల్లు. ముట్టయితే మూడు రోజులు వెనక వసారాలో కూర్చోవాలి. చాప వేరు, కంచం వేరు, పొయ్యి దరిదాపులకు పోకూడదు. అక్క ఆ మూడు రోజులూ మోకాళ్ళు కడుపుకు ఆనించుకుని గోడవైపు తిరిగి పడుకునేది. రక్తం ఎక్కువ పోయి పెదాలు కూడా పాలిపోయేవి.

ఆ ఏడు మిర్చి కోతలకు ముందు ఊరి ఆర్‌ఎంపీ వచ్చి, "సంచి పాడైంది. తీయించుకుంటే పీడ పోతది" అన్నాడు. స్కానింగ్ లేదు, పరీక్ష లేదు. నాడి పట్టుకుని చెప్పేశాడు. అక్కకు ముప్పై అయిదు కూడా నిండలేదు. బావకు ఆ మాట బాగా నచ్చింది.

"పిల్లలు ఇద్దరూ పెద్దగైండ్రు. ఇంక దానితోని ఏం పని?" అన్నాడు, పాత పంపుసెట్టు అమ్మేసే మాటలాగా.

అసలు సంగతి వేరే ఉంది. కోతలప్పుడు పొద్దున్నే కూలీలకు వండిపెట్టాలి. అక్క వసారాలో కూర్చుంటే వంట అత్తమ్మ మీద పడుతుంది, ఆవిడకేమో మోకాళ్ళు వంగవు. పైకి మాత్రం ఇంటిల్లిపాదీ అక్క ఆరోగ్యం గురించే బెంగపడ్డారు.

నేను అక్కను భద్రాచలం తీసుకెళ్ళి ఒక లేడీ డాక్టరుకు చూపించాను. ఆవిడ స్కానింగ్ తీసింది. చిన్న గడ్డలున్నాయి, మాత్రలతో కొన్నాళ్ళు చూద్దాం, ఈ వయసులో తొందరపడొద్దు అంది. ఆ మాట పట్టుకుని బావతో పోట్లాడాను. ఆయన విసుక్కుని చివరికి ఒప్పుకున్నాడు.

"మిర్చి కల్లం దాటేదాంక జూస్త. అప్పటికి నొప్పి తగ్గితే సరే. తగ్గకపోతే మాత్రం నువ్వు నడుమ రావొద్దు."

మాత్రలతో పాటు టీ పొట్లం కూడా తీసుకెళ్ళాను. మాత్ర మింగితే అక్కకు కడుపులో తిప్పేది. ఏదో ఒకటి తియ్యగా, వెచ్చగా ఉంటే బాగుండునని నా ఆశ. చిక్కంతా వేణ్ణీళ్ళ దగ్గర వచ్చింది. అక్క పొయ్యి ముట్టకూడదు, అత్తమ్మ పూటపూటా కాచి ఇవ్వదు. అందుకని కరెంటు కెటిల్ కొని వసారాలో మోటారు స్విచ్చు పక్కన పెట్టాను. అత్తమ్మ వచ్చి దాన్ని అటూ ఇటూ చూసింది.

"ఏందే గిది? పొయ్యేనా?"

"పొయ్యి కాదత్తమ్మా. నిప్పు లేదు గదా."

"నీళ్ళు మసుల్తున్నయ్ గదనే!"

"కరెంటుతోని మసుల్తున్నయ్. అక్క ఫ్యాను వేసుకుంటలేదా? గిదీ గంతే."

ఆవిడ కెటిల్ తీగ వెంట స్విచ్చు దాకా చూసింది. "అవ్, కరెంటుకు అంటు లేదులే" అని తీర్పు చెప్పి లోపలికి పోయింది. అక్క కొంగు, నేను చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆ ఇంట్లో అక్క అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మర్నాడు టీలో అల్లం వాసన తగిలి అత్తమ్మ మళ్ళీ వచ్చింది. "వేడి చేసిన ఒంటికి ఇంకా వేడి పోస్తవా? మంచిగనే ఉంది నీ వైద్యం" అని గొణిగింది గానీ ఆపలేదు.

ఆ నెల ముట్టు రెండో రోజు సాయంత్రానికే అక్క లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. "కొంచెం నయమే చెల్లె" అంది. అది మాత్రల పనో, వేడినీళ్ళ పనో, పక్కన మనిషి కూర్చున్నందుకో తెలియదు. నేను మాత్రం గెలిచాననుకున్నాను. బస్సులో చర్ల దాకా కిటికీ పక్కన కూర్చుని, పిచ్చిదానిలాగా, సంతోషపడ్డాను.

తర్వాతి నెల మా బడి పిల్లల పరీక్షలు. నేను వెళ్ళలేకపోయాను. అక్క నాలుగో రోజు తలస్నానం చేసి, రక్తం ఇంకా ఆగకముందే కల్లంలోకి వెళ్ళింది. ఆరబోసిన మిర్చి మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. బావ ఫోన్ చేశాడు.

"నీ చైనా టీ తాగి గిట్లయింది. ఖమ్మం తీస్కపోతున్నం."

"డాక్టరు చెప్పింది వినవా బావా? కల్లం దాటేదాంక ఆగుతనన్నవ్ గదా?"

ఫోన్ పెట్టేశాడు. నేను ఖమ్మం చేరేసరికి ఒక ప్రైవేటు దవాఖానాలో సంచి తీసేయడం అయిపోయింది. మళ్ళీ బాధ ఉండకుండా అండాశయాలు కూడా తీసేశామని నర్సు మంచి కబురులాగా చెప్పింది. అక్క మత్తులో ఉంది. చేతి గోళ్ళలో మిర్చి రంగు ఇంకా పోలేదు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను, పక్క మంచాల వాళ్ళు చూస్తున్నా ఆగలేదు.

వానాకాలంలో చూడటానికి వెళ్ళాను. వసారాలో ఇప్పుడు ఎరువుల బస్తాలు పేర్చారు. అత్తమ్మ మనస్ఫూర్తిగానే సంతోషపడింది. "పీడ వోయింది బిడ్డా. నెలంతా ఇల్లు శుభ్రంగ ఉంటున్నది."

అక్క పొయ్యి దగ్గర మిర్చి నారు నాటే కూలీలకు అన్నం వారుస్తోంది. బయట ముసురు, చలిగాలి. అయినా జాకెట్టు చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. ముట్లుడిగే వయసు ఆడవాళ్ళకు లాగా ఉండుండి మొహమంతా ఎర్రబడి ఊపిరి ఆడనట్టు అయిపోతోంది. గిన్నె దించబోతే నడుం పట్టేసి గోడ పట్టుకుంది.

"నొప్పి వస్తలేదు కదా అక్కా ఇప్పుడు?"

"గా నొప్పి లేదు."

గిన్నె అందుకుని నేను దించాను. "నువ్వు పో, కొంచెంసేపు పండుకో. వంట నేను జేస్త."

అక్క కొంగుతో మెడ తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"ఏమని చెప్పి పండుకోవాలె, చెల్లె?"