భాష అక్కర్లేదట

ఒళ్ళు మండిపోయి రాస్తున్నాను. ఈ రోజు ఆరాధన అయ్యాక ముంచింగిపుట్టులో మా చర్చికి విశాఖ నుంచి ఒక ఏజెంటు వచ్చాడు. నర్సింగు చదివిన మా చెల్లి ఎస్తేరును జర్మనీ పంపిస్తాడట. ఇక్కడి ఆసుపత్రి ఉద్యోగం మానేసి వెళ్తే, అక్కడ వృద్ధాశ్రమాల్లో పని వెతుక్కోవచ్చట. దొరికేదాకా మా చెల్లి అక్కడ ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం చెప్పడు.

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సరే అననిదే ఎవరూ దూరం పనికి వెళ్ళరు. మా అమ్మమ్మకు ఆదివాసీ ఒడియా తప్ప మరో భాష రాదు. ఏజెంటుకు అది రాదు. అందుకని నన్ను పక్కన నిలబెట్టుకుని, "జర్మన్ రాకపోయినా పర్లేదు, ఇంగ్లీషు చాలు. అమ్మమ్మగారికి చెప్పండి మేడం" అన్నాడు. చెప్పాను.

"అక్కడి ముసలోళ్ళకి కడుపునొప్పొస్తే ఏ బాసలో ఏడుత్తారో అడుగు" అంది అమ్మమ్మ. అదీ అడిగాను.

"అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు మేడం. భాష అసలు సమస్యే కాదు" అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆ మాట కూడా అమ్మమ్మ చెవిన వేశాను.

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. "బాసతో పని లేకపోతే, మా ఇద్దరి మజ్జిన నువ్వెందుకే గుంటా?" అంది నాతో.

"ఏమంటున్నారు మేడం, ఒప్పుకున్నారా?" అని ఆత్రంగా అడిగాడు ఏజెంటు.

మీరైతే చెప్పేవారేమో. నేను మాత్రం, ఆవిడనే ఇంగ్లీషులో అడిగి తెలుసుకోమన్నాను.