దిండు కింద నోటు

శుక్రవారం పొద్దున ఆరున్నరకి షహద్ నిద్ర లేచి బాత్రూములోకి వెళ్ళింది. ఆ పిల్ల లేచిన మరుక్షణం పక్క సర్దేయడం గంగులమ్మకి అలవాటు. దుప్పటి దులిపి దిండు ఎత్తింది. కింద ఒక రియాలు నోటు ఉంది. కొత్తది, మడత కూడా నలగనిది.

గంగులమ్మ నోటుని రెండు వేళ్ళతో ఎత్తింది. "వచ్చె నాయనా, మళ్ళా పరీక్ష," అనుకుంది.

గల్ఫులో ఇంటి పనికి వచ్చిన కడప వైపు ఆడవాళ్ళలో ఎవరినడిగినా ఈ పరీక్ష గురించి చెప్తారు. కొత్త ఇంట్లో చేరిన మొదటి నెలలో సోఫా సందుల్లో, ప్యాంటు జేబుల్లో, సబ్బుపెట్టె వెనక డబ్బు కనపడుతుంది. పొరపాటున పడిపోయినట్టే ఉంటుంది. గంగులమ్మ మస్కట్ పక్కన సీబ్‌లోని ఈ ఇంటికి వచ్చిన పదకొండో రోజున వాషింగ్ మెషిన్ మీద ఐదు రియాలు కనిపించాయి. తీసుకెళ్ళి మేడమ్ చేతిలో పెట్టింది. "అయ్యో, మర్చిపోయాను," అంది మేడమ్, గోడ వైపు చూస్తూ. ఆ తర్వాత నాలుగేళ్ళలో మళ్ళీ అలాంటిది జరగలేదు. గంగులమ్మ మాత్రం దొరికిన ప్రతి వస్తువునీ, అది తలపిన్ను అయినా సరే, వంటింటి అలమరలోని గాజుగిన్నెలో వేసి మేడమ్‌కి చూపిస్తూనే ఉంది.

ఇన్నాళ్ళ తర్వాత, అందులోనూ పసిపిల్ల దిండు కింద ఎందుకు పెట్టినట్టు? వచ్చే నెలలో సెలవు మీద ఇంటికి పోతానని అడిగినందుకా?

అంతలో షహద్ బాత్రూములోంచి వచ్చింది. గంగులమ్మ చేతిలో నోటు చూసింది. ముందు పన్ను ఊడిన నోటితో ఈలవేసినట్టు అరిచింది.

"అది నాది! దేవత నాకు పెట్టింది!"

"కాదు తల్లీ, మీ అమ్మది. అమ్మకే ఇయ్యాల," అని గంగులమ్మ నోటుని గుప్పిట్లో పెట్టుకుని మెట్లు దిగింది. మేడమ్ ఇంకా నిద్రలో ఉంది. నోటు తీసుకెళ్ళి గాజుగిన్నెలో వేసింది.

ఆ పన్ను లాగింది గంగులమ్మే. ముందురోజు సాయంత్రం దారం కట్టి, "ఆ పిల్లిని జూడు," అని పిల్ల అటు తిరిగేలోగా లాగేసింది. ఆరేళ్ళ షహద్ నోట్లో ఇంకొకళ్ళ చేతిని పెట్టనిచ్చే రకం కాదు. మేడమ్ ఆ పన్నుని తెల్లకాగితంలో చుట్టి, దిండు కింద పెట్టి పడుకోమంది. గంగులమ్మకి వింతగా తోచింది. రాయచోటి పక్కన వాళ్ళ పల్లెలో అయితే పాలపన్నుని పేడముద్దలో పెట్టి ఇంటి మీదకి విసురుతారు. "ఎలుకా ఎలుకా, పాత పన్ను తీసుకో, కొత్త పన్నియ్యి," అంటారు. అంతటితో సరి. పన్ను ఊడినందుకు ఎదురు డబ్బిచ్చే దేవత ఒకటుందనీ, ఇంగ్లీషు బడుల్లో పిల్లలు ఆమెని టూత్ ఫెయిరీ అంటారనీ, రాత్రి పూట వచ్చి పన్ను తీసుకుని నోటు పెట్టి పోతుందనీ గంగులమ్మకి ఎవరు చెప్పారు? ఆమె ఎరిగిన దేవతలందరూ తీసుకునేవాళ్ళే. ఒకరికి కోడి, ఒకరికి పొట్టేలు, కొండ మీద ఆయనకి తలవెంట్రుకలు.

షహద్ ఏడుస్తూ పోయి తల్లిని లేపింది. మేడమ్ పేరు జుమానా, బ్యాంకులో పని చేస్తుంది. భర్తకి దూరాన దుక్మ్ ఓడరేవులో ఉద్యోగం, నెలకి రెండుసార్లు వస్తాడు. ఆమె కళ్ళు నులుముకుంటూ వంటింట్లోకి వచ్చేసరికి గంగులమ్మ గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది.

"మేడమ్, ఇంద. పాప దిండు కింద ఉన్నింది. నేను తీసుకోలా. మీకే ఇయ్యాలని పెట్టినా."

ఆమె మాట్లాడేది వంటింటి అరబ్బీ, నడుమ నడుమ హిందీ. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

మేడమ్ వేలు పెదాల మీద పెట్టుకుని, కళ్ళతోనే వద్దంది. నోటు తీసి కూతురి చేతిలో పెట్టింది.

"ఇదిగో, దొరికింది కదా. ఇంక ఏడవకు."

"గంగూ తీసుకుంది!"

"అయిపోయింది కదా. వదిలెయ్."

పిల్ల వెళ్ళాక పళ్ళ దేవత కథంతా చెప్పింది మేడమ్. గంగులమ్మకి ముందు నవ్వొచ్చింది. ఇది పరీక్ష కాదన్నమాట! కానీ ఒక్కటి మిగిలిపోయింది.

"అట్లయితే పాపకి చెప్పండి మేడమ్, గంగూ దొంగతనం చేయలేదని."

"ఎలా చెప్పను? నేనే పెట్టానని చెప్పాలి. అప్పుడు దేవత లేదని తెలిసిపోతుంది. చిన్నపిల్ల గంగూ, మధ్యాహ్నానికి మర్చిపోతుంది."

పిల్ల మరిచిపోతుందేమో. దొంగ అన్న మాట ఎంత దూరం పోతుందో గంగులమ్మకి తెలుసు.

పన్నెండేళ్ళ కిందట ఆమె కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసింది. ఆ ఇంట్లో బంగారు గాజు ఒకటి కనపడలేదు. గంగులమ్మ పెట్టె తెరిచారు, పరుపు చించారు, ఒంటి మీద చీర విప్పించి వెతికారు. ఏమీ దొరకలేదు. అయినా మూడు రోజులు పోలీసు స్టేషన్లో ఉంచి, ఆరు నెలల జీతం ఎగ్గొట్టి విమానం ఎక్కించారు. ఆ తర్వాత గాజు యజమానురాలి చెల్లెలి ఇంట్లో దొరికిందని పక్కింటి వంటమనిషి ఫోనులో చెప్పింది. ఆ ఇంటివాళ్ళు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్తారు? పోయింది గాజు, దొరికింది. మనిషి పేరు పోయిందని వాళ్ళ లెక్కలోనే లేదు.

ఊళ్ళో అంతకంటే అన్యాయం జరిగింది. గంగులమ్మ దొంగ అని అక్కడివాళ్ళు అసహ్యించుకోలేదు. ఆ గాజు ఎక్కడ దాచిందో చెప్పమన్నారు. "మాకు గూడా చెప్పవా? మేమేమన్నా పరాయోళ్ళమా?" అని ఆడబిడ్డ నెలరోజులు వెంటపడింది. ఎంతకీ చెప్పకపోయేసరికి, తెచ్చి ఒంటరిగా మింగిందన్నారు. బంధువుల పెళ్ళిళ్ళలో నగలున్న గదిలోకి ఆమెని పోనిచ్చేవాళ్ళు కాదు. తన కూతురికి పాలపళ్ళు ఊడేనాటికి ఆమె కువైట్‌లో ఉంది. తిరిగొచ్చేనాటికి ఆ పిల్ల నోటి నిండా కొత్త పళ్ళు. బడిలో ఎవరో "మీయమ్మ దొంగంట కదా" అంటే, ఆ కొత్త పళ్ళతోనే కరిచొచ్చింది.

ఇంట్లో ఏది కనపడకపోయినా ముందు పనిమనిషి పెట్టె తెరవడం అరబ్బుల ఇళ్ళకే పరిమితమని మనం అనుకోనక్కర్లేదు. హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఇంటికి పోయే పనిమనిషి సంచిని గేటు దగ్గర తెరిపించే సంఘాలు మనవే. పోయిన వస్తువు బీరువా వెనక దొరికినప్పుడు "సారీ అమ్మా" అన్నవాళ్ళెందరో మనల్ని మనమే అడగాలి.

మధ్యాహ్నం భోజనాలకి మేడమ్ ఆడపడుచు తన ఇద్దరు పిల్లలతో వచ్చింది. ప్రతి శుక్రవారం వస్తుంది. ఆమెతో పాటు ఆమె ఇంట్లో పనిచేసే శ్రీలక్ష్మి కూడా వచ్చింది. శ్రీలక్ష్మిది అమలాపురం దగ్గర ఊరు, వయసు ఇంకా ముప్పై దాటలేదు. గంగులమ్మ వంటింట్లో అన్నం మీద మాంసం సర్దుతోంది. శ్రీలక్ష్మి హాల్లో నీళ్ళ గ్లాసులు పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"గంగక్కా, లోపలేటిది? ఆ పిల్ల అందరితోటీ నువ్వు హరామీవని చెప్తంది!"

అరబ్బీలో దొంగకి ఆ మాటే. గంగులమ్మ గరిటె పక్కన పెట్టింది.

"ఏమని చెప్పింది?"

"దేవతిచ్చిన డబ్బులు గంగూ కొట్టేసింది, అమ్మ లాక్కునిచ్చింది అని. మా మేడమేమో నవ్వేసి, 'దాని పెట్టె చూశావా జుమానా, ఇంకేమున్నాయో' అంది."

"మా మేడమ్ ఏమనింది?"

"ఏమంటాదక్కా? ఖర్జూరాలు తీసుకోండి అంది."

గంగులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఖర్జూరాలంట," అంది మెల్లగా. పళ్ళెం ఎత్తుకుంది. "తలుపు తియ్ మే."

"అక్కా, వద్దక్కా. మనకెందుకు? రేపు సెలవియ్యకపోతే?"

"నువ్వు తలుపు తియ్."

హాల్లో తివాచీ మీద అందరూ కూర్చున్నారు. షహద్ నాయనమ్మ, బాగా ముసలిది, గోడకానుకుని తస్బీ జపమాల తిప్పుతోంది. ఇంట్లో అందరూ ఆమెని పెద్దమామా అంటారు, మామా అంటే వాళ్ళకి అమ్మ. గంగులమ్మ పళ్ళెం మధ్యలో దించింది. మామూలుగా అయితే వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలి. ఆమె కదల్లేదు.

"ఏంటి గంగూ?" అంది మేడమ్.

"పొద్దున జరిగింది చెప్పండి మేడమ్. ఈడ, అందరి ముందర."

మేడమ్ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "తర్వాత మాట్లాడదాం. పిల్లలున్నారు."

"పిల్లలున్నారనే అడుగుతాండా. నన్ను హరామీ అనింది పిల్లల ముందరే కదా."

ఆడపడుచు కనుబొమ్మలెగరేసింది. "దీనికి ఎంత నోరు! తీసుకోకపోతే భయమెందుకు? పెట్టె తెచ్చి చూపించమను."

"పెట్టె తెరిచేది లేదు," అంది గంగులమ్మ. "ఒగసారి తెరిపిచ్చినా. చీర గూడా విప్పినా. ఇంగ తెరిచేది లేదు. తెరవాల్సింది మేడమ్ నోరు."

మేడమ్ లేచి ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చింది. గొంతు తగ్గించింది. "గంగూ, పిల్ల ఎంత ఆశపడిందో నీకు తెలుసు. వారం నుంచి దేవతకి ఉత్తరాలు రాస్తోంది. దాని కల పాడుచేయమంటావా?"

"వద్దు. నేను గూడా బిడ్డ తల్లినే. కానీ ఆ కల నిలబడాలంటే నేను దొంగని కావాలంటే ఎట్ల మేడమ్? వాషింగ్ మిషను మీద మీరు ఐదు రియాలు పెట్టినారే, ఆ పొద్దు నేనేమన్నా అడిగినానా? పరీక్షని తెలిసీ గమ్మునున్యా. ఈ పొద్దు ఉండలేను. చెప్పకపోతే టికెట్టు తీయండి, పోతా. దొంగని తరిమినారు అనుకుంటారు, అనుకోనీ. మీకు మాత్రం నిజం తెలుసు కదా."

జుమానా చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. వాషింగ్ మెషిన్ మాట వచ్చినప్పుడు తలదించుకుంది. నాలుగేళ్ళుగా ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ అననిది అది. తర్వాత వెనక్కి తిరిగి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"షహద్, ఆ నోటు పెట్టింది నేను. దేవత కాదు. గంగూకి ఆ సంగతి తెలియదు. డబ్బు కనపడగానే జాగ్రత్తగా నా కోసం గిన్నెలో వేసింది. గంగూ దొంగతనం చేయలేదు. పొద్దున్నే చెప్పాల్సింది, నేను చెప్పలేదు."

ఆడపడుచు పెద్ద కొడుకు "నాకు ముందే తెలుసు," అన్నాడు. షహద్ ఏడుస్తుందేమోనని అందరూ చూశారు. ఆ పిల్ల ఏడవలేదు. తల్లి మొహంలోకి సూటిగా చూసింది.

"అయితే నా పన్నేది?"

మేడమ్ హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం పొట్లం తీసుకొచ్చి ఇచ్చింది.

"మా కాలంలో ఈ గొడవలేవీ లేవు," అని పెద్దమామా మోకాళ్ళు పట్టుకుని లేచింది. "సూర్యుడికి విసిరేసేవాళ్ళం. గాడిద పన్ను నువ్వు తీసుకో, జింక పన్ను నాకియ్యి అని. ఆయన ఎవరినీ దొంగని చేయలేదు. రా, పోదాం."

ముసలామె వెనకాల షహద్, ఆ వెనకాల తక్కిన పిల్లలు ఎండలోకి పరిగెత్తారు.

గంగులమ్మ వంటింట్లోకి వచ్చింది. స్టూలు మీద కూలబడింది. శ్రీలక్ష్మి నీళ్ళిచ్చి, అక్కడే తచ్చాడింది.

"ఏంది మే, ఏదో దాచిపెడతాండావు?"

"తప్పైపోయిందక్కా. అది... ఇందాక నువ్వు లోపలికెళ్ళేముందే మన వాట్సాప్ గ్రూపులో పెట్టేసేను. గంగక్కని దొంగతనం కేసులో పట్టుకున్నారని. ఆత్రం కొద్దీ..."

ఆ గ్రూపులో మస్కట్ చుట్టుపక్కల పనిచేసే తెలుగు ఆడవాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు. రాయచోటి వాళ్ళే తొమ్మిది మంది. గంగులమ్మ తిట్టలేదు. ఫోను తీయమంది.

"మాట్లాడు. నేను చెప్పినట్టు మాట్లాడు. నా పేరు, మా ఊరి పేరు గూడా చెప్పు. మేడమే అందరి ముందర నిజం ఒప్పుకొనింది అని చెప్పు. 'ముందు నేను పెట్టింది అబద్ధం' అని చెప్పు."

"అబద్ధమని అనాలా అక్కా? పొరపాటంటే సరిపోదా?"

"అబద్ధం అని చెప్పు."

శ్రీలక్ష్మి మూడుసార్లు రికార్డు చేసింది. మొదటిది చాలా మెల్లగా ఉందనీ, రెండోదానిలో ఊరి పేరు మింగేసిందనీ గంగులమ్మ ఒప్పుకోలేదు. మూడోది పంపాక ఇద్దరూ ఫోను మీదకి వంగి చూశారు. పదకొండు మంది విన్నారు. ఇంకా చాలామంది వినాలి.

"ఆళ్ళు కూడా వింటారక్కా," అంది శ్రీలక్ష్మి.

"వినకపోతే రాత్రికి మళ్ళా పెట్టు."

పెరటి తలుపు తోసుకుని షహద్ వచ్చింది. మొహం ఎండకి కందిపోయింది, చేతులు ఖాళీగా ఉన్నాయి. రెండుసార్లు విసిరితే కిందే పడిందంట, మూడోసారి ఇంటి మీద నీళ్ళట్యాంకు పక్కకి పోయిందంట. చెప్పడం అయ్యాక గంగులమ్మ దగ్గరికొచ్చింది.

"గంగూ, కోపమా?"

"ఆఁ. కోపమే."

"నా మీదా?"

"నీ మీద. మీ అమ్మ మీద గూడా."

"ఎంతసేపు ఉంటుంది?"

గంగులమ్మ తొట్టిలో కుప్పపడిన గిన్నెలవైపు చూసింది. "ఇయ్యన్నీ కడిగేదాకా."

షహద్ కూడా ఆ కుప్పని పైనుంచి కిందిదాకా చూసింది. ఇంకో స్టూలు లాక్కుని తొట్టి పక్కన కూర్చుంది.