స్క్రూ తల మీద కుంకుమ బొట్టు

మా ఇంట్లో తుపాకి మా అత్తగారిది. ఈ మాట చెప్పగానే కాకినాడలో మా పుట్టింటివాళ్ళు నా వంక జాలిగా చూస్తారు. జాలి అక్కర్లేదు. అది చిన్న సీసపు గుళ్ళు పేల్చే ఎయిర్ రైఫిల్. ఆవిడ గురిపెట్టేది కాగితం మీద ఉన్న నల్ల చుక్కకు. తిరుమలగిరిలో ఒక బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు మరిగిన సరదా రిటైరయ్యాక మళ్ళీ మొదలైంది. ఆదివారం పొద్దున్నే యాప్రాల్‌లో మా ఇంటినుంచి, స్కూటర్ వెనక నన్ను కూర్చోబెట్టుకుని, ఊరి చివరి షూటింగ్ క్లబ్బుకు బయల్దేరతారు. ఆవిడ నడిపే స్కూటర్ ఎక్కడానికి కావలసినంత గుండె ధైర్యం తుపాకి పేల్చడానికి అక్కర్లేదు.

నాకు పేల్చడం రాదు. నా పని దాని స్క్రూలు చూసుకోవడం. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర కొలత పరికరాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ నా ఉద్యోగం. వదులైన వస్తువు ఏది కనబడినా నాకు అన్నం సయించదు. పెళ్ళిచూపులనాడు పెళ్ళికొడుకు కుర్చీ ఊగుతుంటే, నలుగురిలో వంగి దాని కాలికింద కాగితం మడతపెట్టి దూర్చాను. మావారు ఇప్పటికీ ఆ సంగతి వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వుతారు.

స్ప్రింగుతో పేలే ఈ రైఫిల్‌కు ఒక పాడు గుణం ఉంది. పేలినప్పుడు ముందు వెనక్కి తంతుంది, ఆ వెంటనే ముందుకూ తంతుంది. ఈ రెండు తన్నులకూ పైనున్న స్కోప్‌ను, అంటే గురి చూసే గొట్టాన్ని, పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు మెల్లగా వదులవుతాయి. స్కోప్ వెంట్రుకవాసి కదిలినా గుండు ఎటు పోతుందో చెప్పలేం. అందుకని కొత్తలోనే స్క్రూలన్నీ విప్పి, మరల్లో జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడిచి, ఒక్కోదానికి నీలం రంగు లాకింగ్ జిగురు ఒక చుక్క వేశాను. అటొకటి ఇటొకటి చొప్పున, కొంచెం కొంచెంగా బిగించాను. మర్నాటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చివరికి స్క్రూ తల మీంచి మౌంట్ మీదికి ఎర్ర గోళ్ళరంగుతో సన్నని గీత గీశాను. స్క్రూ తిరిగితే గీత తెగుతుంది, తీసి చూడక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

"ఏందీ, నీ గోళ్ళకు పెట్టుకోవు గని తుపాకికి పెడుతున్నవా?" అన్నారు అత్తగారు.

"నా గోళ్ళు వదులు కావు కదత్తయ్యా" అన్నాను.

మొన్న ఎండాకాలంలో ఆవిడకు శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్ళు బాగా కుదిరాయి. ఎదురింటి మేడమీద ఆరేసిన చీర అంచు రంగు కూడా మాకు చెప్పడం మొదలుపెట్టారు. వానాకాలమంతా ఆవిడ గురికి తిరుగులేదు. దసరా దాటాక మాత్రం గుళ్ళు దారి తప్పాయి. ఒకటి పైకి, ఒకటి పక్కకు, ఒకటి అసలు కాగితానికే తగలకుండా వెనక మట్టిగోడలోకి. డాక్టరుకు చూపిస్తే కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు. డబ్బా మార్చి కొత్త గుళ్ళు వాడాం. అదే వరస.

ఆ ఆదివారం ఆవిడ రైఫిల్ బల్లమీద పెట్టి, తన కుడిచేతిని చాలాసేపు చూసుకున్నారు.

"చెయ్యి వణుకుతున్నది బిడ్డా. కండ్లు మంచిగైనయ్ గని చెయ్యి ముసల్దైంది. ఇగ నాతోని కాదు."

అంతకంటే అన్యాయం, ఆ రోజు స్కూటర్ తాళం నాకిచ్చేశారు. తుపాకి పట్టలేని చెయ్యి హ్యాండిల్ ఏం పడుతుందని ఆవిడ లెక్క. ఆ తర్వాత కూరగాయలకు కూడా నా వెనకే కూర్చుని వచ్చేవారు. నేను నెమ్మదిగా నడుపుతాను. "నడిచేటోళ్ళు సుత మనల్ని దాటిపోతున్నరు" అని ఎప్పుడైనా అంటే బాగుండేది. ఏమీ అనేవారు కాదు.

ఒక సాయంత్రం రైఫిల్ సంచి తెచ్చి నా ముందు పెట్టారు. "గిది క్లబ్బోళ్ళకు ఇచ్చేద్దాం. ఊకె ఇంట్ల పెట్టుకుని ఏం జేస్తం" అన్నారు.

ఇవ్వడానికి మనసొప్పకే బయటికి తీశాను. దసరానాడు ఆయుధపూజలో పెట్టిన పసుపూ కుంకుమా ఇంకా అలాగే ఉన్నాయి. స్కూటర్‌కూ, కుట్టుమిషన్‌కూ, నా స్క్రూడ్రైవర్ల పెట్టెకూ పెట్టినట్టే దీనికీ పెట్టారు. పూజలో పెట్టిన బొట్టును మా ఇంట్లో ఎవరూ తుడవరు, దానంతటదే పోవాలి. వేరే చేతికి వెళ్ళే వస్తువు కదా అని గుడ్డ తీసుకుని స్కోప్ దగ్గర మొదలుపెట్టాను. ఒక్కో స్క్రూ తల మీద ఒక్కో బొట్టు, ఎంతో ముచ్చటగా పెట్టారు. బొటనవేలు ఆనించగానే జర్రున జారింది. నూనె. కుంకుమ తుడిస్తే నా ఎర్ర గీత బయటపడింది. స్క్రూ మీద సగం ఒకవైపు, మౌంట్ మీద సగం ఇంకోవైపు. స్క్రూ తిప్పే అలెన్ కీ పెట్టి వేలితో తోశాను, అడ్డం లేకుండా తిరిగిపోయింది. స్కోప్ పట్టుకుని ఊపితే కదిలింది.

"అత్తయ్యా, దసరాకు ఈ స్క్రూలు ఎవరన్నా విప్పారా?"

"నేనే విప్పిన. పూజకు ముంగట మిషన్ విప్పి, కడిగి, నూనె పెట్టకుంటే అదేం పూజ? గా మరలల్ల నీలంగ ఏదో చిలుము పట్టింది. దాన్ని గీకనీకి మస్తు పరేషానైన."

నేను నేలమీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ గీకి పారేసింది నా జిగురు. దాని బదులు కుట్టుమిషన్ నూనె పోసి, తెగిన గీతల మీద భక్తిగా కుంకుమ అద్దారు.

"మీ చెయ్యి కాదత్తయ్యా, స్క్రూలు వదులు" అన్నాను.

"నా మనసు ఖుషీ చెయ్యనీకి అంటున్నవ్" అన్నారు ఆవిడ. నమ్మలేదు.

మళ్ళీ మొదటినుంచీ చేశాను. స్పిరిట్‌తో రెండు మూడుసార్లు తుడిచాను. జిగురు వేశాను, బిగించాను, గీత గీశాను. ఇకమీదట బొట్టు చెక్కభాగానికి, నూనె కుట్టుమిషన్‌కు అని ఒప్పందం రాసుకోకుండానే కుదిరింది. ఆదివారం దాకా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగారు.

క్లబ్బుకు నేనే స్కూటర్ నడిపాను. ఆవిడ మొదట కొన్ని గుళ్ళు పేల్చి నాతో స్కోప్ సరిచేయించుకున్నారు. తర్వాత కొత్త కాగితం పెట్టమన్నారు. పేల్చడం అయ్యాక నేనే వెళ్ళి తెచ్చాను. నల్ల చుక్క మధ్యలో చిల్లులన్నీ ఒకదాన్నొకటి కొరుక్కుని, ఆవిడ నుదుటి బిళ్ళంత రంధ్రం పడింది.

ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు. కాగితం పట్టుకున్న చెయ్యి కొంచెం వణికింది. అది సంతోషమో వయసో నేను అడగలేదు. మడిచి బ్యాగులో పెట్టుకుని, ఆ చెయ్యే నా ముందుకు చాచారు.

"తాళం ఇటియ్యి. నీతోని పోతే ఇంటికి చేరేసరికి పొద్దుగూకుతది."

యాప్రాల్ మలుపు దగ్గర ఎప్పట్లాగే ఆవిడ బ్రేకు వేయలేదు. నేను మాత్రం ఈసారి అరవలేదు.