ఓవెన్‌లో వేడి పెంచింది నేనే

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కాగితం మీద అది రెండు పేజీల రిపోర్టు. కింద సంతకం నాది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎల్బీ నగర్ దాటాక ఒక చిన్న కంపెనీలో కరెంటు ఆటోలకు మోటార్లు తయారుచేసేవాళ్లం. మోటారు తిరగాలంటే లోపల బలమైన అయస్కాంతాలుండాలి. వాటికి కావలసిన అరుదైన ఖనిజాలు చైనా చేతిలో ఉన్నాయి కాబట్టి అయస్కాంతాలూ అక్కడినుంచే వచ్చేవి. ఏవి పనికొస్తాయో పరీక్షించి చెప్పడం నా పని. పన్నెండేళ్లుగా నా మాటే చివరి మాట.

స్వరూప మన్సూరాబాద్ అమ్మాయి. డిప్లొమా చదివి మా దగ్గర చేరింది. పాడైన మోటార్లలోని అయస్కాంతాలను తీసి, పొడి చేయించి, ఒక ల్యాబు చుట్టూ నెలల తరబడి తిరిగి, వాటితోనే కొత్తవి తయారుచేయించింది.

"గీ పిల్ల చేసినయి నిలవడితె మనం ఎవ్వని దిక్కూ సూడ పనిలేదు" అన్నాడు మా ఓనరు అందరి ముందూ. నావైపు చూడలేదు. అంతే. నిజంగా అంతేనా? ఆమె గెలిస్తే ఇన్నేళ్లూ నేను చేసింది వచ్చిన పెట్టె విప్పి తల ఊపడమేనని తేలిపోతుందన్న భయం, నాకంటే చిన్నది, నా కింద పనిచేసేది అన్న కడుపుమంట, వీటిలో ఏది ముందో ఇప్పటికీ విడదీయలేను.

వేడికి అయస్కాంతం బలం పోతుందేమో చూసే పరీక్షకు ఓవెన్‌లో నూట ఇరవై డిగ్రీలు పెట్టాలి. ఆమె చేయించినవాటికి నూట ఎనభై పెట్టాను. రిపోర్టులో నూట ఇరవై అని రాశాను.

"సార్, జర మల్లొక్కసారి చూస్తరా? నేను చూసినప్పుడు మంచిగనే ఉండె."

"రెండుసార్లు చూశానమ్మా. వేడికి ఆగడం లేదు."

"గంత బలం ఎట్ల పోతది సార్?"

"పాత సరుకు కదా."

నమ్మింది. తన నోటుబుక్కులో తప్పెక్కడుందో వారం రోజులు వెతుక్కుని, ఉద్యోగం మానేసింది.

తర్వాత కొన్నేళ్లకు చైనా అయస్కాంతాల ఎగుమతులపై ఆంక్షలు బిగించింది. పెట్టెలు రావడం ఆగిపోయింది. సగం కట్టిన మోటార్లు వరుసగా పడి ఉన్నాయి. అప్పుడైనా నోరు విప్పాను కాదు. కంపెనీ మూతపడింది. నలభై మంది రోడ్డున పడ్డారు. నాకు నెలలోనే వేరే ఉద్యోగం దొరికింది.

పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్‌లో స్వరూప పనిచేస్తున్న కోచింగ్ సెంటరుకు వెళ్లాను. ఆమె అడ్మిషన్ల కౌంటర్లో ఉంది. ఎదురుగా నిలబడే అంతా చెప్పాను.

"ఎంత పెట్టిన్రు సార్?"

"నూట ఎనభై."

ముందున్న అడ్మిషన్ ఫారాలు సర్దింది. "పక్కకు జరుగుండ్రి సార్. ఎనక లైనుంది."

జరిగాను. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు. ఇంటికొచ్చి అసలు అంకెతో రిపోర్టు తిరగరాసి, సంతకం పెట్టి, ఆమెకొకటి, ఓనరుకొకటి పంపాను. వాళ్లేం చేస్తారో వాళ్లిష్టం. నేను మాత్రం చెప్పేశాను.