సిఫారసు పత్రిక లేకుంట పట్నం పోయొచ్చిన సంగతి

నేను నాలుగో తరగతి దాక చదివిన. ఉత్తరాలు తప్ప ఇంకేం రాయలె. తప్పులుంటె ఏమనుకోకుండ్రి. నా లెక్క బల్లకాడికెల్లి లేపేస్తె బయటపడ్డోళ్లు ఇంకెవరన్న ఉంటె, వాళ్లకు పట్నం తొవ్వ తెలుస్తదని రాస్తున్న.

బల్లంటె ఏందో ముందు చెప్పాలె. మా సహవాసంల ప్రతి ఆదివారం బల్ల మీద ఒక రొట్టె, ఒక పాత్ర పెడ్తరు. అందరం ఆ రొట్టె విరుచుకొని తింటం, అదే పాత్రల తాగుతం. ప్రభువు చావును యాది చేసుకునుడు అది. పద్నాలుగేండ్లల్ల కానుపైన వారాలు తప్ప నేను బల్ల తప్పలె. మాకు బొట్టు లేదు, పూలు లేవు, గాజులు లేవు, సినిమా లేదు. మా లెక్క లేనోళ్లంత అగ్గిల పడ్తరని నేర్పిండ్రు. నేను నమ్మిన. సంతల మనుషుల మొఖాలు చూసి, అయ్యో వీళ్లంత కాలిపోతరు గద అని ఏడ్సినదాన్ని.

మాఘమాసంల మా అమ్మ సచ్చిపోయింది. ఆమె బాప్తిస్మం తీసుకోలె. మా నాయన ఉన్నడు గన్క ముత్తైదువ సావు. తానం పోసినంక పెద్దబిడ్డె పసుపు రాసి బొట్టు పెట్టాలె. పెద్దబిడ్డెను నేనే. మా చెల్లె కుంకుమ బరిణె నా చేతిల పెట్టింది. అందరు నా దిక్కే చూస్తున్నరు. పెట్టిన. ఆమె రోజు పెట్టుకున్నట్టే పెద్దగ, గుండ్రంగ పెట్టిన.

అమ్మ పోయినంక నాలుగో ఆదివారం మా సంఘపెద్ద నన్ను లేపి నిలబెట్టిండు. "సహోదరీ, నువ్వు విగ్రహాలోళ్ల పని చేసినవ్. మీ అమ్మ నరకంల ఉన్నదని, నీ చెయ్యి తప్పు చేసిందని అందరి ముందట చెప్పు. అప్పుడే నీకు బల్ల" అన్నడు.

"చెప్పను" అన్న.

గంతే, బల్లకాడికెల్లి తీసేసిండ్రు. ఆనాటి సంది ప్రార్థన గూడ వస్తలేదు. కండ్లు మూస్తె ప్రభువు కాదు, మా సంఘపెద్ద గొంతే ఇనబడుతుండె. మూడు నెలలు గట్లనే పోయినయ్.

నన్ను నీళ్లల్ల ముంచి బాప్తిస్మం ఇచ్చిన యోహాను గారు ఇప్పుడు ముసలాయన, పట్నంల అశోక్ నగర్ల కొడుకు కాడ ఉంటున్నడని తెలిసింది. ఆయన మాటంటె మా పెద్ద తల వంచుతడు. ఆయనతోని రెండు ముక్కలు రాయించుకొస్తె నాకు మల్ల బల్ల దొరుకుతది. పోవాలనుకున్న.

"నేనొస్త" అన్నడు మా ఆయన. ఆయన పేరు దానియేలు, తాపీ మేస్త్రి. ఆయన ఇంక బల్లల ఉన్నోడే. వేరే ఊరి సహవాసంల రొట్టె తినాలంటె మన ఊరి పెద్ద రాసిన సిఫారసు పత్రిక ఉండాలె. మా పెద్ద రాసిచ్చిండు. అండ్ల మా ఆయన పేరొక్కటే ఉండె.

శనివారం జడ్చర్లల రైలెక్కినం. అరవై తొమ్మిది ఎండకాలం, తెలంగాణ గొడవలు నడుస్తున్నయ్, రైలు వస్తదో రాదో ఎవరికి తెల్వదు. పదింటికి రావాల్సింది పదకొండుంబావుకు వచ్చింది. మనిషికి మూడు రూపాయల లోపే టికెట్టు. కొన్ని జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం మూట కట్టుకున్నం.

నా ఎదురుంగ ఒకామె కూసున్నది. తలనిండ మల్లెపూలు, చేతినిండ గాజులు, మెడల సిలువ. దవాఖానల ఆయానని, పేరు సుగుణమ్మని చెప్పింది. నాకు ఆ సిలువ, ఆ పూలు ఒక్క మనిషి మీద చూసుడు కొత్త.

"అక్కా, మీరు విశ్వాసులేనా?" అన్న.

"ఏం, కనబడ్తలేనా?"

"పూలు పెట్టుకున్నరు గద."

"పూలు ఎవరు చేసిండ్రు? మీ సంఘపెద్ద చేసిండా?"

మా ఆయన కిటికీల నుంచి బయటికి చూస్తున్నట్టు కూసున్నడు గాని భుజాలు కదులుతున్నయ్. నవ్వుతున్నడని తెలిసింది. సుగుణమ్మ మామిడికాయ తొక్కు ఇచ్చింది, మేం రొట్టె ఇచ్చినం. తింటుంటె నా సంగతంత చెప్పిన.

"చిక్కడపల్లిల మా గుడికి రా. రేపు సాయంత్రం ఐదున్నరకు" అన్నది.

"పత్రిక అడగరా?"

"పత్రిక ఏందే? రైల్ల టికెట్టు అడుగుతరు, గుళ్లె ఎవరడుగుతరు?"

గట్లాంటి చర్చి గుళ్లను మేం "సచ్చిన సంఘం" అంటం. ఆ మాట ఆమెతోని అనలె. తొక్కు బాగున్నదని చెప్పిన.

కాచిగూడల దిగేవరకు మూడయింది. బస్సులు బంద్. నారాయణగూడ మీదికెల్లి నడుసుకుంట చిక్కడపల్లి బస్తీకి చేరినం. మా ఆయన చిన్నాయన కొడుకు బాలప్ప అండ్ల రేకుల గదిల కిరాయికి ఉంటడు, మా దిక్కు నుంచి వచ్చి కూలి పని చేస్తడు. మేం మారినప్పటి సంది వాళ్లింట్ల తినలె. గ్లాసుల నీళ్లు పోసి, "వదినా, మా నీళ్లు తాగుతవా? దేవుని పటం ముందట పెట్టిన కుండ" అని ఎక్కిరించిండు.

రెండు గ్లాసులు తాగిన. మూడోది బాలప్పనే ముంచిచ్చిండు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నారాయణగూడ పోయినం. సహవాసం ఒక దుకాణం మీది అంతస్తుల కూడుతది. మెట్ల కాడ తెల్లబట్టల సహోదరుడు పత్రికలు తీసుకుంటున్నడు. మాది చదివి, "ఒక్క పేరే ఉన్నది" అన్నడు.

"అవు" అన్న.

"మీరు ఎనకబెంచి."

తిట్టలె, గద్దించలె. బియ్యంల రాయి ఏరినట్టు పక్కకు పెట్టిండు. అందరు చాపల మీద కూసున్నరు, మగోళ్లు ఒకదిక్కు, ఆడోళ్లు ఒకదిక్కు. నేనొక్కదాన్నే బెంచి మీద, అందరికన్న ఎత్తుల. రొట్టె చేతులు మారుకుంట వచ్చింది. నా ముందటి చాప మీది ముసలామె ముక్క విరుచుకొని, పళ్లెం నాకియ్యకుంట వచ్చిన దిక్కే మలిపింది. వాసన మాత్రం నాదాక వచ్చింది. నాకు ఏడుపు రాలె. ఇంటికి పిలిచి పీట ఎయ్యనట్టయింది.

పదకొండున్నరకు కిందికి దిగినం. ఎనక నీళ్ల నల్లా కాడ మా ఆయన అటిటు చూసి, జేబుల నుంచి దస్తీ తీసి ఇప్పిండు. అండ్ల రొట్టె ముక్క. తనకిచ్చిన దాంట్ల సగం తిని సగం దాచిండు.

"తినే, తొందరగ" అన్నడు. ఆయన చెవులు ఎర్రగయినయ్.

పద్నాలుగేండ్లు ఆ రొట్టె తిన్నదాన్ని. నోట్ల నీళ్లూరినయ్. గాని చెయ్యి పోలె.

"దొంగతనంగ తిననయ్యా. ఎవరన్న పిలిచి ఇస్తె తింట."

"నీకోసమే గద తెచ్చిన."

"తెల్సు. గదే నాకు చాలు. మలిచి జేబుల పెట్టు."

పారేయలేడు, తినలేడు. మెల్లగ మలిచి పెట్టుకున్నడు.

నారాయణగూడ సడక్ మీద హోటల్ల ప్లేటు భోజనం తిన్నం. పప్పు, పచ్చిపులుసు, వేడన్నం. గల్లా పైన దేవుని పటానికి అగర్‌బత్తి ముట్టిచ్చి ఉన్నది. మునుపైతె లేచిపోతుంటిమి. ఆకలి మీద ఉన్నం, మల్ల అన్నం అడిగి పెట్టించుకున్నం.

మూడింటికి అశోక్ నగర్ చేరినం. యోహాను గారి ఇల్లు అడుక్కుంట పోతె దొరికింది. కోడలు తలుపు జానెడే తీసింది. వాళ్లు కోస్తా దిక్కోళ్లు. మా తెలంగాణ మాట ఇనంగనే ఆమె మొఖం తెల్లబడ్డది.

"ఏం కావాలండీ మీకు? ఇంట్లో మగవాళ్లు లేరు."

"గొడవలోళ్లం కాదమ్మ. యోహాను గారు ముంచిన మనుషులం" అన్న.

లోపలికెల్లి ముసలి గొంతు నవ్వింది. "రానివ్వమ్మా. నేను ముంచినవాళ్లు నా ఇల్లు ముంచరు."

ఆయన పడక కుర్చీల ఉన్నడు. చూపు తగ్గింది. ఏ ఊరని అడిగిండు, చెప్పిన.

"ఆ ఊళ్లో వాగు, ఎండాకాలమైనా ఎండని మడుగు. గుర్తుందమ్మా. ఒకావిడ ఒడ్డున పొడి చీర పట్టుకు నిలబడింది. ఇంత బొట్టు. 'నా బిడ్డకు జలుబు చేస్తే నీ సంగతి చూస్త' అని నన్ను ఒకటే తిట్టడం. ఆ చీర నీలం రంగు కదూ?"

"పచ్చది. ఆమెనే మా అమ్మ. ఆమెకే బొట్టు పెట్టిన" అన్న.

ఆయన నవ్వు ఆగింది. జరిగిందంత చెప్పిన. రెండు ముక్కలు రాసియ్యమని చేతులు జోడించిన.

"నువ్వు తప్పు ఒప్పుకున్నావని రాయాలి. ఒప్పుకున్నావా?"

"లేదు."

"మరి అబద్ధం ఎలా రాయనమ్మా?"

"అబద్ధమొద్దు. మా అమ్మ యాడున్నదో మీరే చెప్పుండ్రి. నాకు నేర్పింది మీరే గద."

ఆయన కుర్చీ పట్టెలు గోటితోని గీకుతున్నడు.

"అప్పుడు అడిగితే టక్కున చెప్పేవాణ్ణి. ఎంతమంది పిల్లలకు, తల్లుల గురించి అలా చెప్పానో. ఇప్పుడు తెలీదమ్మా. నిజంగా తెలీదు."

"గీ మాటనే మా పెద్దకు రాయుండ్రి."

"రాస్తే నన్నూ వెనక బెంచీ మీద కూర్చోబెడతారు. ఈ వయసులో నాకంత ఓపిక లేదు."

నాకు కోపమొచ్చింది. మల్ల ఆయన చేతులు చూస్తె పాపమనిపించింది. నన్ను నీళ్లల్ల పట్టుకున్న చేతులు అవి.

"నాకున్నది" అని లేచిన. వందనాలు చెప్పి బయటపడ్డం. ఉత్తరం దొరకలె.

తొవ్వల మా ఆయన, "ఇగ ఇంటికి పోదామా?" అన్నడు. యాళ్ల ఐదయింది. "గుళ్లె ఐదున్నరకు" అన్న. ఆయన నా మొఖం దిక్కు చూసి, చిక్కడపల్లి తొవ్వ పట్టిండు.

చిక్కడపల్లి గుడి చిన్నది, సున్నమేసిన గోడలు, కర్ర బెంచీలు. గంట కొడుతున్నరు. లోపల గాజులు, పూలు, తెల్లచీరలు, పోరగాండ్ల లొల్లి. సచ్చిన సంఘమంటె ఇంత సప్పుడుంటదా అనుకున్న. సుగుణమ్మ మూడో బెంచి నుంచి చెయ్యి ఊపి, పక్కోళ్లను "జరుగుండ్రమ్మా, జరుగుండ్రి" అని జరిపి నాకు జాగ చేసింది.

ప్రార్థన చేద్దామన్నరు. కండ్లు మూసిన. మా సంఘపెద్ద గొంతు వస్తదని బిగపట్టుకొని కూసున్న. రాలె. మా ఊరి మడుగు కనబడ్డది. నీళ్లల్లకెల్లి లేస్తున్నది ఈసారి నేను కాదు, మా అమ్మ. ఒడ్డు మీద ఎవరో పొడి చీర పట్టుకొని నిలబడ్డరు. మొఖం కనబడలె. అది ప్రభువు గాకుంటె నాకు ఇంకో ప్రభువు తెల్వదు. మూడు నెలలకు నోట్ల నుంచి మాట వచ్చింది. "వందనం తండ్రీ" అన్న. అంతకన్న ఎక్కువ రాలె.

కండ్లు తెరిచి బల్ల కోసం చూసిన. మీద గుడ్డ ఉన్నది, రొట్టె లేదు. కూడిక అయినంక ప్రార్థన చేయించిన అయ్యగారు కిటికీలు మూస్తుంటె పోయి నిలబడ్డ.

"అయ్యగారూ, రొట్టె ఇయ్యరా?"

"నెలకు ఒక్కసారే తల్లీ. మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు. ఆలస్యమైతె జాగ దొరకదు."

ఇంక మూడు వారాలున్నయ్. మా దాంట్ల వారం వారం రొట్టె ఉంటది, నాకు మాత్రం లేదు. ఈడ నాకుంటది గాని రొట్టె ఇయ్యాల లేదు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె.

"నాకాడ పత్రిక లేదు. సచ్చిపోయిన మా అమ్మకు బొట్టు పెట్టిన. అది తప్పని చెప్పను. ముందే చెప్తున్న" అన్న గట్టిగ.

ఆయన కిటికీ గొళ్లెం పట్టుకొనే తిరిగి చూసిండు. "మా అమ్మ పోయినప్పుడు నేను ఊళ్లె లేను. నువ్వన్న ఉన్నవ్" అన్నడు. పుస్తకం తీసిండు. "పేరు?"

"ఎస్తేరు. మా అమ్మ పెట్టింది ఎల్లమ్మ."

"ఏది రాయాలె?"

"రెండు రాయుండ్రి."

రాసిండు. ఇంకేమడుగుతడో అని నిలబడ్డ. ఏమడగలె, కిటికీలు మూసుకుంట పోయిండు.

సోమవారం పొద్దున ఏడింటికి కాచిగూడల రైలెక్కినం. షాద్‌నగర్ దాటినంక మా ఆయన దస్తీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నడు. రొట్టె ఎండి గట్టిగయింది.

"ఆదివారం దీన్ని మన పెద్ద చేతిల పెడ్త. దాచిన్నని చెప్త" అన్నడు.

"నిన్ను గూడ లేపేస్తరు."

"లేపనీ. దారం పట్టి చూస్తె గోడ వంకర కనబడ్డదనుకో. ఎంత ఎత్తు కట్టినా ఇప్పుకోవాలె. పునాది ఎవరు ఇప్పుతున్నరు?"

గోడల మాట తప్ప ఆయనకు ఇంకో మాట రాదు. సంఘం ఇడిచినా ప్రభువును ఇడుస్తలేమంటున్నడని నాకు అర్థమయింది. జడ్చర్లల దిగంగనే మొదటి ఆదివారం ముందటి శనివారం రైలు ఎన్నింటికని అడిగి పెట్టుకున్నం.

పోయేటోళ్లకు చెప్తున్న. శనివారం రైలు ఎక్కుండ్రి, రొట్టెలు కట్టుకోండ్రి, ఆలస్యమైతది. కాచిగూడల దిగి నారాయణగూడ మీదికెల్లి నడిస్తె చిక్కడపల్లి చాన దూరం కాదు. గంట ఇనబడిన దిక్కుకు పోండ్రి. నెల మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర లోపలనే పోవాలె. పత్రిక అడగరు, పేరు అడుగుతరు. ఆడోళ్ల దిక్కు మూడో బెంచిల గోడ పక్కకు నేనుంట, మగోళ్ల దిక్కు మా ఆయనుంటడు. బెంచి నిండి ఉన్నా నిలబడకుండ్రి, జరుగుతం.