డిక్కీలో బ్యాటరీ, బోల్టు కింద బొట్టు

ఆ రోజుల్లో కారు ఉన్నవాడికంటే కారును విప్పగలిగినవాడికే మర్యాద ఎక్కువని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. విప్పినదాన్ని తిరిగి బిగించగలిగినవాడికి అంతకంటే ఎక్కువ మర్యాద ఉంటుందన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మా నాయనకు హిందూపురంలో చింతపండు మండీతో పాటు ఒక ముసలి అంబాసిడర్ కూడా ఉండేది. పెట్రోలు తాగడంలో దానికి సాటి లేదు. దానికి డీజిల్ ఇంజన్ పెట్టించి టాక్సీగా తిప్పుతానని నేను పట్టుబట్టాను. రాయలసీమ మొత్తం మీద అలాంటి సాహసానికి తెగించిన మొదటి మొనగాణ్ణి నేనే. (మా వీధిలోనే అప్పటికి ఒకటో రెండో డీజిల్ అంబాసిడర్లు తిరుగుతుండేవి. సరే, మొదటివాణ్ణి కాదు.) నాయన లెక్క వేరు. కారును పాత ఇనుముకు వేసేయాలి, నన్ను మండీ గద్దె మీద కూర్చోబెట్టాలి. అక్క పెళ్లి దగ్గర పడేసరికి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. "పెండ్లి చీరలకు ధర్మవరం పోవాల గదా, నీ బండిలోనే పోదాం. పోయి వచ్చేలోపల ఎవురన్నా దాన్ని ముందుకు ఒక్క అడుగు తోసినారంటే, ఆ బండి ఇంటికి రాదు. ఆడికాడికే తూకానికి ఏస్తా. తెల్లారి నువ్వు మండీలో ఉండాల" అన్నాడు. "సరే నాయనా" అన్నాను నేను, ఇంకా ఇంజన్ కూడా దొరకకముందే.

ఇంజన్ దొరికింది గానీ, అది పెట్రోలు ఇంజన్ కంటే పొడుగూ లావూ. బానెట్ కింద దాన్ని ఇరికించేసరికి, దాని గాలి వడపోసే డబ్బా సరిగ్గా బ్యాటరీ ఉండాల్సిన చోటికొచ్చి కూర్చుంది. వెల్డింగ్ షాపు భాయి, నేను చాలాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాం. "ఏమబ్బా, ఇద్దరికీ ఒగటే కుర్చీ ఉండాది. ఒగరు లేయాల్సిందే" అన్నాడు భాయి. "అయితే బ్యాటరీనే లేపుదాం. డిక్కీలో పెడదాం" అన్నాను నేను. వెల్డింగుకు వాడే కేబులు, నా తొడంత లావుది, డిక్కీ నుంచి వెనక సీటు కిందుగా ముందుకు లాగాం. (తొడ కాదు, బొటనవేలు. అప్పట్లో నా తొడలు కూడా పెద్ద లావేం కావు.) ఇక మిగిలింది ఎర్త్ వైరు. బ్యాటరీ నుంచి వచ్చే రెండో వైరును బండి ఒంటికే బోల్టుతో బిగించాలి. భాయి డిక్కీలో ఒకచోట రూపాయి బిళ్లంత మేర రంగు గీకేసి, "ఈడ ఇనుము అద్దం మాదిరి మెరస్తా ఉండాల. అప్పుడే కరెంటు తిరుక్కోని వస్తాది. టీ తాగొస్తా, నువ్వు బోల్టు బిగించు" అని వెళ్లాడు.

సరిగ్గా ఆ సమయానికి మా అత్త, అంటే నాయన అక్క, పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. పెళ్లి ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా, పొయ్యి గానీ పొన్నుకర్ర గానీ, ఆమె చేతి బొట్టు పడకుండా పనిలోకి దిగేది కాదు. బ్యాటరీకి పసుపు రాసింది, కేబులుకు రాసింది. ఇంతలో గుండ్రంగా, నున్నగా మెరుస్తున్న ఆ రూపాయి బిళ్లంత చోటు ఆమె కంటబడింది. బొట్టు కోసమే ఎవరో అలికి పెట్టిన నొసలు మాదిరిగా ఉందది. గట్టిగా ఇంత పసుపు మెత్తి, నడుమ కుంకుమ అద్దింది. నేను గుడ్డ తీసుకోబోయాను. "ఏందిరా అది? పెండ్లి పెట్టుకోని బొట్టు తుడుస్తావా? మీ అక్క బాగుండాల్నా వద్దా?" అని కేకేసింది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి, హేతువాదిని, ఇలాంటివి లక్ష్యపెట్టేవాణ్ణి కాదు. (అక్క ముఖం గుర్తొచ్చి, గుడ్డ కింద పడేసి, ఆ బొట్టు మీదనే బోల్టు పెట్టి బిగించేశాను.)

బయలుదేరిన పొద్దున సెల్ఫ్ కొట్టగానే బండి సింహంలా గర్జించింది. నాయన ముందు సీట్లో తెల్ల పంచె సర్దుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు. వెనక సీటంతా అత్తదే. పెనుకొండ దాటి ధర్మవరం చేరేదాకా నేను విమానం నడిపినట్టే నడిపాను. (రెండు ఎద్దుల బండ్లను దాటాను. మూడోది మమ్మల్ని దాటలేదు, అంతే.) నేతగాళ్ల ఇంటి ముందు బండి ఆపాను. నాయన, అత్త లోపలికెళ్లి చీరలు విప్పించి చూస్తుండగా, నీడకు జరుపుదామని సెల్ఫ్ కొట్టాను. "టక్" అంది. మళ్లీ కొట్టాను. "టక్." నా టాక్సీ, నా స్వేచ్ఛ, నా యౌవనం అన్నీ ఆ టక్కులో కలిసిపోయి, కళ్ల ముందు చింతపండు బుట్టలు కనిపించాయి. హారన్ కూడా జలుబు చేసినట్టు మూలిగింది. డిక్కీ తెరిచి కేబులును అటూ ఇటూ కదిలించి, అందరు దేవుళ్లనూ తలుచుకుని (హేతువాదినే, కాదనను) మరోసారి కొట్టేసరికి ఎలాగో అందుకుంది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఇక హిందూపురం దాకా ఈ ఇంజన్ ఆగకూడదు. డీజిల్ ఇంజన్లో ఉన్న గొప్పతనమే అది. ఒకసారి తిరగడం మొదలుపెడితే దానికి బ్యాటరీతో పని లేదు. డ్యాష్‌బోర్డు కింద ఉన్న నల్ల గుండీని లాగితే తప్ప ఆగదు.

"ఊరికే ఎందుకురా ఇంజన్ తిరగతాండాది?" అన్నాడు నాయన బయటికొస్తూ.

"కొత్త ఇంజన్ నాయనా, బాలింత మాదిరి. మధ్యలో చల్లారనీకూడదు."

నాయన నా ముఖంకేసి, డిక్కీకేసి చూసి ఎక్కాడు. చీరలను డిక్కీలో, బ్యాటరీ ఆసిడ్ పక్కన పెట్టడానికి అత్త ఒప్పుకోలేదు. ఒడిలోనే పెట్టుకుంది. నేతగాళ్లు చీరతో పాటు ఇచ్చిన కొబ్బరికాయ, తమలపాకుల సంచి మాత్రం చేతికి తగిలించుకుంది.

పెనుకొండ వచ్చేసరికి ఆకలన్నారు. హోటల్ ముందు ఆపాను గానీ నేను దిగలేదు, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీయలేదు. లోపల వాళ్లు ఉగ్గాని తింటుంటే, నేను బయట వాసన తింటూ కూర్చున్నాను. అత్తకు జాలేసింది. ఆకులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టుకుని వచ్చి, ముందు తలుపు తీసింది. "పాపం, బిడ్డ ఎండకు ఉడికిపోతాండాడు. తిను నాయనా" అని, ఆకు రెండు చేతులా పట్టుకోవడానికి వీలుగా, చేతికున్న కొబ్బరికాయ సంచిని కళ్లకు కనిపించిన కొక్కేనికి తగిలించింది. ఆ కొక్కెం, మీరు ఊహించినట్టే, డ్యాష్‌బోర్డు కింద నల్ల గుండీ. కొబ్బరికాయ బరువుకు అది నెమ్మదిగా కిందికి దిగింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి, ప్రాణం విడిచింది.

సెల్ఫ్ కొట్టాను. "టక్." హోటల్ గడప మీద నాయన చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

ఇక్కడ జరిగిన ఘనకార్యాన్ని మా ఇంట్లో, బంధువుల ఇళ్లల్లో, రైలు పెట్టెల్లో కొన్ని వందలసార్లు చెప్పాను. ఆ హోటల్ ముందు రోడ్డు ఏటవాలుగా ఉందనీ, నేను తడుముకోకుండా బ్రేకు వదిలి, రివర్స్ గేరులో పెట్టి, బండి తనంతట తాను వెనక్కి జారుతుంటే క్లచ్ వదిలాననీ, బజారంతా పక్కకు తప్పుకుని చప్పట్లు కొడుతుండగా ఇంజన్ అందుకుందనీ చెప్పేవాణ్ణి. విన్నవాళ్లు నా చాకచక్యాన్ని మెచ్చుకునేవాళ్లు. ఇందులో రివర్స్ గేరు నిజం. చప్పట్లు అబద్ధం. ఏటవాలు అంతకంటే పెద్ద అబద్ధం.

జరిగిందేమంటే, నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. నాయన మెట్లు దిగి వచ్చాడు. తూకం మాట ఎత్తుతాడని నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు లేకపోతే తెరిచి చూశాను. నాయన బండి వెనక్కి పోలేదు. ముందుకొచ్చి, తెల్ల పంచె ఎగ్గట్టి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. టీ తాగుతున్న వాళ్లను కూడా కేకేశాడు. "రాండప్పా, ఒగ చెయ్యి ఏయండి."

"నాయనా..." అన్నాను.

"రివర్స్ గేరెయ్‌రా."

"అదిగాదు, ఆ పొద్దు నువ్వు అనింది..."

"ముందుకు తోస్తే తూకానికేస్తా అంటి. ఎనక్కి తోస్తే ఏస్తానని అన్ల్యా కదప్పా. గేరెయ్, ఎండకు సస్తాండారు జనం."

వెనక్కి తోస్తేనే ఆ ఇంజన్ మళ్లీ గర్జించింది. నాయన పంచెకు గ్రీజు మరక అంటింది. ఎక్కి కూర్చుని, "బాలింతకు పథ్యం సరిపోలేదేమో" అన్నాడు. అలా హిందూపురం చేరాం. మర్నాడు భాయి డిక్కీ తెరిచి, బోల్టు విప్పి, ఎండి పెచ్చు కట్టిన పసుపును చూసి, "ఇదేందబ్బా, బండి నొసట బొట్టు పెట్టి దాని మీద మేకు కొట్టినావు! కరెంటు ఎట్ల పోతాది?" అని నవ్వి నవ్వి నేల మీద కూర్చున్నాడు. ఆ బొట్టును అలాగే ఉంచి, దాని పక్కన ఇంకోచోట గీకి బిగించాం. అక్క చల్లగా కాపురం చేసుకుంది. టాక్సీ కొన్నాళ్లు తిరిగింది. (చాలా ఏళ్లు అని రాయబోయి ఆగాను.) తర్వాత మండీలో నేనే, ఎవరూ తోయకుండానే, వెళ్లి కూర్చున్నాను.

మొన్న పెనుకొండలో పని పడింది. ఆ హోటల్ లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. రోడ్డు మాత్రం అదే. బండికి దిష్టి తీయను కొన్న నిమ్మకాయ చేతిలో ఉంటే, అటూ ఇటూ చూసి, వంగి, రోడ్డు మీద పెట్టాను. ఏమో, కొంచెమైనా ఏటవాలు ఉందేమో, ఇన్నేళ్లూ నేను చెప్పినదాంట్లో పిసరంతైనా నిజం ఉందేమో అని. అంగడి కుర్రాడు "ఏం తాతా, ఏం పోగొట్టుకున్నావు?" అని అడిగాడు. నిమ్మకాయ పెట్టినచోటే ఉంది. అంగుళం కూడా కదల్లేదు.